నాకా భాష రాదు

ఆయన్ని ఆఫీసులో అందరూ కుందేలుగారంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. కుందేలంటే పరుగులో చురుకనుకునేరు, ఆ సంగతికీ ఈయనకీ ఆమడ దూరం. పట్టిన కుందేటికి మూడే కాళ్లు అంటారు చూశారూ, ఆ కుందేలు. ఈ పేరు పెట్టింది పగవాళ్లెవరో కాదు, సాక్షాత్తూ బావమరిది. ఒకనాడు బావ మరిచిపోయిన భోజనం క్యారియర్ ఇవ్వడానికి ఆఫీసుకొచ్చి, గేటు దగ్గర పదిమందిలో ఆ సామెత అనేసి పోయాడు. అన్నవాడు ఇంటికి పోయాడు, పేరు మాత్రం ఆఫీసులో ఉండిపోయింది.

కుందేలుగారిది బస్సుల కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. ఏ డ్రైవరు ఏ పూట ఏ బస్సెక్కాలి, ఎవరికెప్పుడు సెలవు, రాత్రి బండి నడిపినవాణ్ణి మళ్లీ తెల్లవారి బండి ఎక్కించకుండా ఎలా చూడాలి, ఇదంతా లెక్కగట్టి డ్యూటీలు వేసే ప్రోగ్రాం ఆయన చేతిది. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని నేర్చుకున్నాడు, దాంతోనే జుట్టు నెరిసింది. ఇంకో భాష ముఖం చూడలేదు. ఎవరైనా అడిగితే, "నాకు ఒక్కటే వచ్చు. కానీ అది వచ్చు" అనేవాడు. ఆ 'అది' అనే మాట ఒత్తి పలికే తీరులో, మీకు వచ్చినవేవీ వచ్చినట్టు కాదన్న చురక కూడా ఉండేది.

ఆ భాషకొక పద్ధతుంది. ముందు ప్రోగ్రాం పేరేమిటో చెప్పాలి, అది నడిచే చోటేమిటో చెప్పాలి, వాడబోయే సామానంతా పేరుపేరునా ప్రకటించాలి. ఆ తర్వాతే పని. ఇన్నేళ్లు ఆ భాషతో కాపురం చేసేసరికి మనిషికీ అదే అబ్బింది. ఆదివారం వంట తను చేస్తానంటే ఇంట్లోవాళ్ల గుండెలు జారిపోయేవి. ఒక్క కూర కోసం గిన్నెలూ గరిటెలూ కారం డబ్బా నూనె సీసా అన్నీ గట్టు మీద వరసగా పేర్చి, ఒక్కొక్కదాన్నీ వేలితో చూపించి, పేరు పైకి చదివి, అప్పుడు స్టవ్ వెలిగించేవాడు. మధ్యలో ఏదైనా తక్కువైందా, అంతే సంగతులు. ముందు చెప్పలేదు కాబట్టి వేయడానికి వీల్లేదు. ఆ ఇంట్లో ఉప్పు లేని కూర తిన్న రోజులున్నాయంటే, పాపం వాళ్లకి ఉప్పుకు గతిలేక కాదు.

భార్య డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పుతుంది. నొక్కాల్సినప్పుడు నొక్కకుండా, నొక్కకూడనప్పుడు నొక్కే జనం పక్కన రోజంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునే మనిషి. అందుకని ఇంటికొచ్చాక ఆమెకి దేనికీ భయం వేయదు, దేనికీ కోపం రాదు. మొగుడి వంటకి కూడా.

ఇక బావమరిది. ఆమెకు తమ్ముడు. అక్కగారింటి మేడ మీద గదిలో ఉంటాడు. అతనూ ప్రోగ్రామరే గానీ, బావ తూర్పంటే ఇతను పడమర. తొమ్మిది భాషలొచ్చునని అతనే చెప్పుకునేవాడు. ఏ ఎండకా గొడుగు. కొత్త భాషొకటి పుట్టిందని తెలిస్తే చాలు, ఇంకా కళ్లు తెరవకముందే వెళ్లి చూసొచ్చేవాడు. ఇంటర్వ్యూల్లో గడగడా మాట్లాడి ఉద్యోగం ఇట్టే తెచ్చుకునేవాడు, అట్టే వదిలేసేవాడు. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే ప్రోగ్రాం రాస్తానని ఒకసారి ఇంట్లో శపథం పట్టాడు. సగం ఒక భాషలో రాశాడు. ఇంతలో ఇంకోటి ఇంతకన్నా బాగుందని మిగతా సగం అందులో మొదలుపెట్టాడు. ఆ రెండూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడం లేదని, రాజీ కుదర్చడానికి మూడోదాన్ని తెచ్చాడు. ముగ్గురూ కలిసి మోటారుని వదిలేశారు. ట్యాంకు పొంగి, పక్కింటివాళ్లు ఆరేసుకున్న బట్టలు రోజూ మళ్లీ తడిసేవి. చివరికి అక్కే లేచి వెళ్లి చేత్తో స్విచ్చి కట్టేసేది.

ఇలాంటి ఇద్దరు ఒక బల్ల దగ్గర భోజనానికి కూర్చుంటే ఏమవుతుంది?

"కూటికోసం కోటి విద్యలు బావా. ఒక్క భాష పట్టుకుని వేలాడితే ఎలా? రేపు అది పోతే?"

"రెండు పడవల మీద కాళ్లు పెడితేనే మునుగుతారంటారు. నువ్వు తొమ్మిదింటి మీద పెట్టావు. నీకున్నవెన్ని కాళ్లురా?"

"నా కాళ్ల సంగతి సరే. నీ కుందేలు కాళ్లు లెక్కపెట్టుకో."

"అన్నం తినండి," అనేది భార్య. "అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు పోతే, ఏమీ తెలియనమ్మ ఏకాదశినాడు పోయిందట. మీ ఇద్దర్లో ఎవరు ఏ రోజు పోతారో గానీ, ముందు ఆ చారు ఇటు జరపండి."

ఈ వాదం ఏళ్ల తరబడి నడిచింది. ఎవరూ గెలవలేదు, ఎవరూ మానలేదు. చెప్పొద్దూ, ఇద్దరికీ అది లేకపోతే ముద్ద దిగేది కాదు.

అలా హాయిగా సాగిపోతున్న కాపురంలో నిప్పు పడింది. కంపెనీలో కొత్త మేనేజర్ వచ్చింది. వయసులో కుందేలుగారికన్నా బాగా చిన్న, మాట మెత్తన, పని గట్టి. అందర్నీ పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. పాత ప్రోగ్రాములన్నీ మెల్లగా పైథాన్ అనే భాషలోకి మార్చేస్తున్నారు. పాత భాషవాళ్లకి మూడు నెలలు గడువు. డ్రైవర్ల సెలవులు లెక్కగట్టే భాగం ఒక్కటి ఎవరికి వారు కొత్త భాషలో రాసి అందరి ముందూ చూపించాలి. చూపిస్తే ఇదే కుర్చీ, ఇదే పని. లేకపోతే ఉద్యోగానికేం ఢోకా లేదు, కాకపోతే ఫోన్ల గదిలోకి మారాలి.

ఫోన్ల గది అన్న మాట వినగానే కుందేలుగారు కుర్చీని అటువైపు కనపడకుండా తిప్పుకున్నాడు.

అది హాలు చివర గాజు తలుపుల గది. డిపోల నుంచి డ్రైవర్లూ కండక్టర్లూ ఫోన్లు చేసి, నాకీ డ్యూటీ ఎందుకేశారు, నా సెలవేమైంది అని అరిస్తే, అక్కడివాళ్లు సముదాయించాలి. ఒకప్పుడు ఎవరో రాలేదని కుందేలుగారిని అక్కడ ఒక్క పూట కూర్చోబెట్టారు. మొదటి ఫోనే ఒక డ్రైవరుది.

"సార్, బస్సు నిండా జనం ఉన్నారు, నాకు చూస్తే రెండు రూట్లు పడ్డాయి. ఏది పట్టుకెళ్లాలి, తొందరగా చెప్పండి!"

"ముందు మీ పేరు చెప్పండి," అన్నాడు కుందేలుగారు. పేరు చెప్పాడు. డిపో అడిగాడు, చెప్పాడు. బస్సు నంబరడిగాడు, చెప్పాడు. నిన్నటి డ్యూటీ, మొన్నటి సెలవు, వచ్చే వారం తీసుకోదల్చుకున్న సెలవు, అన్నీ ప్రకటింపజేసుకుని, "ఇప్పుడు మీ సమస్య చెప్పండి" అన్నాడు.

"ఇంకేం సమస్యండీ, జనం దిగి వేరే బస్సెక్కి పోయారు," అన్నాడు డ్రైవరు. ఆ తర్వాత ఇంకో నాలుగు మాటలన్నాడు, అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

ఆ పూట అయ్యేసరికి ఆయన చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. కుందేలుగారికి మనుషులంటే ద్వేషం లేదు, భయం. తప్పు చేస్తే కంప్యూటరు అరవదు. ఆయన తప్పులు ఆయనకీ తెరకీ మధ్యే ఉంటాయి, దిద్దుకున్నాకే బయటికొస్తాయి. అలా ఇన్నేళ్లూ తప్పు చేయని మనిషిగా పేరు తెచ్చుకుని, ఆ పేరు మీదే బతికాడు. ఇప్పుడీ వయసులో పదిమందిలో తడబడటమంటే ఆయనకి నడివీధిలో పంచె ఊడినంత పని.

సరే, నేర్చుకోవాలి కదా. ఇంట్లోనే గురువున్నాడు.

"ఏం దిగులు పడకు బావా, పైథాన్ నాకు మంచినీళ్ల ప్రాయం," అని బావమరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇందులో వాక్యం ఎక్కడ మొదలవుతుందో చూడు. ముందు కొంచెం ఖాళీ వదిలామనుకో, ఒక అర్థం. వదల్లేదనుకో, ఇంకో అర్థం."

"ఖాళీకి అర్థమేమిట్రా? ఖాళీ అంటేనే ఏమీ లేదని."

"మరి మీ కోబాల్లో వరసకి మొదటి ఏడు గడులూ వదిలేసి ఎనిమిదో గడి నుంచి రాయమంటారుగా? అదేంటి?"

"అది క్రమశిక్షణ."

"ఇదేమో చాదస్తమా!"

"పాము పేరు పెట్టుకున్న భాష దగ్గర క్రమశిక్షణ ఎక్కడుంటుంది!"

రెండో రోజు పాఠం మధ్యలో బావమరిదికి, ఇదే విషయం ఇంకో భాషలో ఎంత అందంగా ఉంటుందో గుర్తొచ్చింది. మూడో రోజు ఆ ఇంకో భాష గురించే చెప్పాడు. నాలుగో రోజు గురువుగారు ఆ భాషకన్నా కొత్తదొకటి పుట్టిందని మేడ దిగలేదు. కుందేలుగారు పుస్తకం మూసి, ఆఫీసువాళ్లు పెట్టిన క్లాసుకి వెళ్లాడు.

ఆ క్లాసులో ఒక దిక్కుమాలిన అలవాటుంది. ఒక్కొక్కరూ లేచి ముందుకెళ్లి, గోడ మీది పెద్ద తెర మీద అందరికీ కనపడేలా రాయాలి. ఆఖరి వరసలో గోడకి అతుక్కుని కూర్చున్నా కుందేలుగారి వంతు రానే వచ్చింది. ఎలాగో రెండు వరసలు కొట్టాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు దబ్బున పడ్డాయి, తప్పు, తప్పు అని. సరిగ్గా అప్పుడే వెనకాల ఇద్దరు కిసుక్కుమన్నారు. వాళ్లు నవ్వింది ఈయన్ని చూసి కాదు, చేతిలో ఫోన్లో ఏదో పిల్లి నీళ్లతొట్టిలో పడిందని. అది ఆయనకేం తెలుసు? చెవుల దాకా ఎర్రబడి వచ్చి కూర్చున్నాడు. మర్నాటి నుంచి పన్ను నొప్పని క్లాసుకి ఎగనామం పెట్టాడు. ఒకరోజు పైపన్ను, ఒకరోజు కిందిపన్ను, ఒకరోజు దవడపన్ను.

"మీ నోట్లో ఉన్న పళ్లకన్నా నొప్పి పుట్టినవే ఎక్కువయ్యాయి," అంది భార్య. "ఏమైందో చెప్పండి."

చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"మా దగ్గరికొచ్చేవాళ్లలో కారుకి భయపడేవాళ్లు తక్కువండీ. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే వెనకాలవాళ్లు హారన్ కొడతారే, దానికి చస్తారు. మీదీ అదే భయం."

"నాకేం భయం లేదు."

"సరే, లేదు. ఆ బట్టలు ఆరేసి రండి."

డాబా మీద తాడు మీద చొక్కా వేసి క్లిప్పు పెడుతుండగా కుందేలుగారికి బుర్రలో ఏదో వెలిగింది. చొక్కా చెయ్యి ఒకటి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు కొత్త భాష రాదు, ఎందుకు రావాలి? సెలవుల లెక్క నేను నా భాషలోనే రాస్తాను. నేను రాసింది చదివి, అర్థం చేసుకుని, చెప్పినట్టల్లా చేసిపెట్టే ప్రోగ్రాం ఒక్కటి కొత్త భాషలో ఉంటే చాలు. పరాయి దేశం పోయినవాడు ఆ దేశపు మాటలు నేర్చుకుంటాడా, దుబాసీని పెట్టుకుంటాడు గానీ! నాకూ ఒక దుబాసీ ఉంటే ఈ జన్మకి పైథాన్ ముఖం చూడక్కర్లేదు.

మరి ఆ దుబాసీని తయారు చేయాలంటే ఆ భాష రావాలి కదా అని మీకు తోచింది. నాకూ తోచింది. ఆయనకి మాత్రం తోచలేదు.

ఆ రోజు నుంచి కుందేలుగారు మారిపోయాడు. ఆఫీసు నుంచి రావడం, టీ తాగడం, గది తలుపేసుకోవడం. ముందు ఒక్క మాట చదివే దుబాసీని తయారు చేశాడు. అది చదవగానే ఒక వాక్యం చదివేలా చేయబుద్ధయింది. వాక్యం చదివాక కూడికలు చేయించాలి, షరతులు అర్థం చేయించాలి. ప్రతి మెట్టు దగ్గరా కొత్త భాషలో ఏదో ఒకటి తెలియాల్సి వచ్చేది. అదెలాగో వెతుక్కునేవాడు, వంద తప్పులు చేసేవాడు. ఎర్ర అక్షరాలు కుప్పలుగా పడేవి. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఎక్కడన్నా మరీ చిక్కుపడితే భోజనాల దగ్గర ఊరికే అడిగినట్టు అడిగేవాడు.

"ఒరే, నీకు తెలుసేమో గానీ, పైథాన్లో ఒక పని లోపల మళ్లీ అదే పనిని పిలవొచ్చా?"

"ఓ, పిలవొచ్చు. ఎందుకు బావా?"

"ఊరికే."

మొదట్లో బావమరిది టకటకా చెప్పేవాడు. నెల తిరిగేసరికి ప్రశ్నలు ముదిరాయి. "ఆలోచించి చెప్తా" అనేవాడు. ఇంకొన్నాళ్లకి, "అది కొంచెం పైమెట్టు సంగతి బావా, నీకిప్పుడెందుకు" అని నీళ్లు నమిలేవాడు. ఆ తర్వాత బావ కంచం దగ్గరికి రావడం చూసి తను గబగబా చేయి కడుక్కుని లేచిపోయేవాడు. వాదాలు ఆగిపోయాయి. బల్ల దగ్గర మాటాపలుకూ లేకపోయేసరికి భార్యకి అనుమానం పట్టుకుంది. "ఇద్దరూ పోట్లాడుకున్నారా?" అని తమ్ముణ్ణి నిలదీసింది.

"లేదక్కా. బావ ఏదో చేస్తున్నాడు. నాకు తెలియాలి," అని అతను తిన్నగా వెళ్లి గది తలుపు తోశాడు.

కుందేలుగారు తెరకి అడ్డంగా రెండు చేతులూ పెట్టాడు. బావమరిది ఆ చేతులు తప్పించి చూశాడు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి తిప్పాడు. కాసేపటికి సంగతి బుర్రకెక్కింది. ఎక్కగానే మంచం మీద పడి దొర్లాడు. నవ్వాడు, దగ్గాడు, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు.

"అక్కా! ఇలా రా! పైథాన్ రాయకుండా తప్పించుకోవడానికి మీ ఆయన ఊరంత పైథాన్ రాశాడు! కొండని తవ్వి ఎలుకని పట్టడం విన్నాను గానీ, ఎలుకని తప్పించుకోవడానికి కొండని తవ్వినవాణ్ణి ఇదే చూడ్డం!"

"నవ్వింది చాల్లే. పనిచేస్తుంది," అన్నాడు కుందేలుగారు మూతి ముడిచి.

"పనిచేస్తుంది బావా, కాదన్నదెవరు? కానీ రేపు మీ మేనేజర్, ఏదీ సెలవుల లెక్క చూపించండి అంటే ఏం చూపిస్తావు? అది కోబాల్లోనే ఉందిగా! పట్టుబడిపోతావు. ఇంకా వారం ఉంది. ఇంత రాసినవాడివి, ఆ లెక్క నేరుగా పైథాన్లో రాసెయ్. గంట పని."

"ఎలా రాస్తాన్రా? నాకా భాష రాదు."

బావమరిది నవ్వు ఆగిపోయింది. ఈయన వేళాకోళం ఆడుతున్నాడేమోనని ముఖంలోకి చూశాడు. లేదు. మనిషి నిజంగానే అంటున్నాడు. ఎంత చెప్పినా అదే మాట. వారమంతా చెప్పాడు, వారమంతా అదే మాట. అక్కనడిగితే, "ఊరుకో. పక్క సీట్లోంచి ఎంత అరిచినా తొక్కాల్సింది ఆయనే" అంది.

ఆ రోజు రానే వచ్చింది. పెద్ద గది, గోడ మీద అదే తెర, బల్ల చుట్టూ పదిమంది. మేనేజర్ ఎదురుగా కూర్చుంది. కుందేలుగారు తన వంతు వచ్చేసరికే తెచ్చుకున్న సీసాలో నీళ్లన్నీ తాగేశాడు. ప్రోగ్రాం నడిపించాడు. డ్రైవర్ల సెలవులు తెర మీద చకచకా పడ్డాయి, ఒక్కటీ తప్పు పోలేదు. అందరూ తలలూపారు. అమ్మయ్య అనుకుని కూర్చోబోయాడు.

"బాగుంది సార్. ఎలా రాశారో ఒకసారి చూపించండి," అంది మేనేజర్.

చూపించాడు. గదిలో గుసగుస మొదలైంది.

"ఇది కోబాల్ కదండీ?"

"అవునండీ."

"మరి పైథాన్ ఏదండీ?"

"దీన్ని నడిపేది కింద ఉందండీ. అది పైథానండీ."

మేనేజర్ లేచి వచ్చి ఆ కిందది తెరిచింది. చదువుతూ ఒక్కో పేజీ తిప్పింది. తిప్పుతూనే ఉంది. ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తారు.

"ఇదెవరు రాశారు సార్?"

"నేనేనండీ."

"మొత్తం మీరేనా?"

"మా బావమరిది నాలుగు మాటలు చెప్పాడండీ. మొదట్లో."

"మంచిది. అయితే ఒక పని చేయండి. వరసగా రెండు రాత్రులు నడిపిన డ్రైవరుకి మూడో రోజు సెలవివ్వాలి. ఆ ఒక్క ముక్కా ఇక్కడే, ఇప్పుడే, నేరుగా పైథాన్లో రాయండి."

కుందేలుగారు కంప్యూటరు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకా భాష రాదండీ," అన్నాడు.

"రాని భాషలో ఇదంతా ఎలా రాశారు?"

"అవసరం కొద్దీనండీ."

గది గొల్లుమంది. ఈసారి నవ్వింది ఫోన్లో పిల్లిని చూసి కాదు, అచ్చంగా ఆయన్ని చూసే. మేనేజర్ కూడా పెదవి బిగబట్టుకుంది. కానీ కంప్యూటరు ముందున్న కుర్చీ ఆయనవైపు తిప్పి, కూర్చోండన్నట్టు చేయి చూపించింది. ఆవిడ వెనకాల, హాలు చివర, ఫోన్ల గది గాజు తలుపులు కనపడుతున్నాయి. లోపల ఎవరో రిసీవర్ చెవికి దూరంగా పట్టుకుని కూర్చున్నారు.

కూర్చున్నాడు. రాశాడు. వేళ్లకి దారి తెలుసు. నడిపించాడు. తెర నిండా ఎర్రటి అక్షరాలు.

కుందేలుగారు తెర వైపు చూశాడు. పారిపోవడానికి తలుపెక్కడుందో కూడా చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు. చూసేసరికి దొరికింది. పాత భాషలో వాక్యం అయిందంటే చివర చుక్క పెట్టాలి, లేకపోతే కొంపలంటుకుంటాయి. ఈయన అలవాటు కొద్దీ ప్రతి వరస చివరా భక్తిగా ఒక చుక్క పెట్టుకుంటూ పోయాడు. ఇంట్లో రోజూ చేసే తప్పే. రోజూ తిట్టుకుంటూ తుడిచే తప్పే.

"ఛీ, మళ్లీ పెట్టానా!" అన్నాడు పైకే. "చచ్చినా ఈ చుక్క మానలేకపోతున్నానండీ. పోయేటప్పుడు కూడా చివర్న ఒక చుక్క పెట్టి పోతానేమో."

మళ్లీ నవ్వారు. ఆయనకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే చుక్కలన్నీ ఒక్కొక్కటే తుడిచి నడిపించాడు. మూడో రోజు సెలవు టక్కున పడింది. అప్పుడు గానీ తట్టలేదు ఆయనకి, తప్పు అందరి ఎదుటే జరిగిపోయిందనీ, తను ఇంకా కుర్చీలోనే ఉన్నాడనీ.

కుర్చీ ఆయనకే ఉండిపోయింది. అందరూ వెళ్లాక మేనేజర్ అసలు మాట చెప్పింది. "సార్, మీ దుబాసీని మనం వాడుకోలేం. పాత భాషని వదిలించుకోవడానికే కదా ఇదంతా. దాన్ని తీసేయాలి. బాధపడకండి."

బాధపడకుండా ఎలా ఉంటాడు? మూడు నెలల ప్రాణం అది. గెలిచొచ్చిన మనిషి ఇంటికి ఓడిపోయినట్టు వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూలబడ్డాడు. భార్య సంగతంతా కూపీలాగి విని, టీ చేతికిచ్చి, పక్కనే కూర్చుంది. బావమరిది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఇవాళ వాడు ఏడిపిస్తాడని కుందేలుగారు ముందే సిద్ధంగా ఉన్నాడు.

"బావా, దాన్ని పారేయకు. నాకివ్వు," అన్నాడు బావమరిది.

"నీకెందుకురా? నీకు తొమ్మిదున్నాయిగా."

"ఉన్నాయి. తొమ్మిదింట్లోనూ పలకరింపులే వచ్చు." అతను గోడ వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "మొదటి పది పేజీలు ఎందులోనైనా బాగుంటాయి బావా. ఆ తర్వాత కష్టం మొదలవుతుంది. ఎర్ర అక్షరాలొస్తాయి. అప్పుడు నేను ఇంకో భాషకి పోతాను. నువ్వు నెల రోజులు అడిగిన ప్రశ్నల్లో సగానికి నాకు జవాబు రాదు. ఉద్యోగాలు నేను వదిలేస్తున్నానని చెప్తాను కదా, అది కూడా... సరే, అదంతా ఎందుకులే. నీది ఎలా రాశావో ఒకసారి మొదట్నుంచి చదవాలనుంది."

ఇన్నేళ్లుగా ఈ వాదం గెలవాలని కుందేలుగారు ఎన్ని మాటలు దాచిపెట్టుకున్నాడో! రెండు పడవలున్నాయి, తొమ్మిది కాళ్లున్నాయి, వచ్చినవేవీ వచ్చినట్టు కాదన్న చురకుంది. తీరా గెలుపు కాళ్ల దగ్గరికొచ్చి కూర్చునేసరికి ఒక్క మాటా నోటికి రాలేదు. పైగా గెలవలేదని కూడా తెలుసు. వాడు పారిపోయి తొమ్మిది ఊళ్లు తిరిగాడు, తను పారిపోయి ఒకే ఇంట్లో తలుపేసుకున్నాడు. ఇందులో ఎవరు ఎవర్ని ఏమనాలి?

"అది చదవాలంటే కోబాల్ కూడా రావాలిరా," అన్నాడు చివరికి.

"అంటే పదోదన్నమాట," అంది భార్య. ఆ మాటకి ముగ్గురూ నవ్వారు, బావమరిది అందరికన్నా ఆలస్యంగా.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ కుందేలుగారి గదిలో కూర్చున్నారు. బావమరిది ముందు కూర్చుని, బావ దుబాసీని చదువుకుంటూ తన చేత్తో మళ్లీ రాస్తున్నాడు, బావ పక్కన స్టూలేసుకున్నాడు. మొదటి పేజీ నల్లేరు మీద బండిలా పోయింది. రెండోదీ అంతే, వాడి నోరూ ఆగలేదు. మూడో పేజీలో ఏదో బెడిసికొట్టి తెర ఎర్రబడింది. ఒకసారి దిద్దాడు, ఇంకా ఎర్రబడింది. అతను ఎవరూ చూడటం లేదన్నట్టు, దాన్ని మూసేసి పక్కన ఇంకేదో తెరవబోయాడు.

కుందేలుగారు ఆ చేయి పట్టుకున్నాడు.

"ఎక్కడికిరా? ఉండనీ. ఇద్దరం ఉన్నాంగా, చూద్దాం."